నానమ్మ అడిగిన వాన

మాదాపూర్,
4 జూలై 1999.

అత్తమ్మకు కెజియా వందనాలు.

నేను మోషే కూతురిని. నువ్వు ఇల్లు విడిచి వెళ్ళేనాటికి నేను పుట్టనే లేదు, కనుక ఎవరీ పిల్ల అని నువ్వు అనుకుంటే తప్పు లేదు. మీరు అని రాయాలా, నువ్వు అని రాయాలా అని ఆలోచిస్తూ కాగితాలు పాడు చేశాను. నానమ్మనే నువ్వు అనేదాన్ని, ఆమె కూతురిని మీరు అనడమేమిటని చివరికి నువ్వు దగ్గరే ఆగాను.

నీ అడ్రసు జోయెల్ బాబాయి ఇచ్చాడు. పోయిన నెల బాలానగర్‌లో బాబాయి పనిచేసే లేతు షాపుకి మామయ్య నూనె మిల్లు పార్టు ఏదో చేయించడానికి వచ్చాడట కదా. ఇద్దరూ ముందు కొలతల దగ్గర గొడవపడి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని, అక్కడే కావలించుకున్నారట. బాబాయి ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా మామయ్య ఇంకొంచెం పొడుగవుతున్నాడు.

నానమ్మ పోయిన సంగతి బాబాయి చెప్పానన్నాడు, మామయ్య నీతో అనే ఉంటాడు. మళ్ళీ ఆ బాధ తవ్వను. ఒక్కటి చెప్తాను, ఆమె బాధపడలేదు. జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి గోడకు ఒరిగింది. నిద్రపోతోందని మేం టీవీ సౌండు తగ్గించాం. అప్పుడు నీ అడ్రసు తెలిసుంటే టెలిగ్రాం ఇచ్చేదాన్ని అత్తమ్మా, ఒట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు 29 ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆ రోజే సమాధి మీద రాయి నిలబెడతారు. కూడికలో జీవిత సంగ్రహం చదవడం మన సంఘంలో ఎప్పటినుంచో ఉన్నదే కదా, అది రాసే పని పాస్టరుగారు నాకు అప్పజెప్పారు. ఎందుకంటే నేను టైపు చేస్తాను. నా ఉద్యోగమే అది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి టేపులో చెప్పిందంతా చెవులకు తగిలించుకుని విని, ఇక్కడ మాదాపూర్‌లో కూర్చుని టైపు చేసి పంపుతాం. నానమ్మకు ఇది ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. “రోగం ఆడ, రాసుడు ఈడనా? మరి మందెవలు మింగుతరే?” అనేది.

నాకు తెలిసిన నానమ్మ ఈ ముసలి నానమ్మే. మా వీధి అవతల బిల్డింగుల కోసం రాళ్ళు పేల్చేవాళ్ళు ఈల ఊదితే లోపలికి రమ్మన్నా రాకుండా అరుగు మీదే కూర్చుని, పేలుడు కంటే గట్టిగా కీర్తన పాడేది. సైబర్ టవర్స్ పూర్తయ్యాక ఆమెను ఆటోలో తీసుకెళ్ళి చూపించాం. చుట్టూ ఒకసారి చూసి, “గంత పెద్దది కట్టిన్రు, కూసుండెతందుకు ఒక్క అరుగన్న పెట్టలే,” అంది. అంతకుముందు ఆమె ఎవరో నాకు తెలియదు. ఇప్పుడు సంఘ పెద్ద అయిన డాడీని అడిగితే “భక్తిగ బతికింది, పోయింది, ఇంకేం రాస్తవ్?” అంటాడు. బాబాయికి తను తిన్న దెబ్బలు తప్ప ఏమీ గుర్తు లేవు. నువ్వే చెప్పాలి.

నీ మేనకోడలు,
కెజియా.



ప్రొద్దుటూరు,
11 జూలై 1999.

కెజియాకు,

నీ ఉత్తరం చేరింది. మా అమ్మ పోయిందని నాకు నీ ఉత్తరం వల్లే తెలిసింది.

మీ మామయ్య నాకు చెప్పలేదు. బాలానగర్ నుంచి వచ్చి “జోయెల్ కనపడినాడు, అడ్రసు రాసుకున్నాడు” అన్నాడు, అంతే. నేను నెల రోజులూ సంబరపడ్డాను. తమ్ముడు అడ్రసు తీసుకున్నాడు, అమ్మకు చెప్తాడు, అమ్మే నన్ను తీసుకురమ్మంటుంది అని. కొత్త చీరకు ఫాల్ కూడా కుట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక ఈయనను నిలదీశాను. “యెట్ల చెప్పేది మే? పొద్దున చెప్దామంటే నవ్వుతాంటివి. మాపటికి చెప్దామంటే పాట పాడుకుంటాంటివి,” అని పిల్లాడిలా ఏడ్చాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

నీ తప్పేం లేదు. నువ్వు అడిగింది చెప్తాను, ఇంకెవరూ అడగరు కూడా.

మా అమ్మ ఏ ఏడు పుట్టిందో ఆమెకే తెలియదు. జ్వరాలొచ్చి ఊరు సగం ఖాళీ అయిన ఏడు అనేది. ఎనభై ఏళ్ళు దాటినట్టే రాసుకో. పెళ్ళయ్యాక మెదక్ వైపు మిషన్ దవాఖానలో ఆయాగా చేరింది. గిన్నెలు తోమడానికి పెట్టుకున్నారు, చూసి చూసి కాన్పులు చేయడం నేర్చింది. మన వాడలోకి అడుగుపెట్టనివాళ్ళు కూడా నొప్పులు మొదలైతే బండి పంపేవాళ్ళు. కాన్పు అయ్యేదాకా “మరియమ్మా, తల్లీ” అనేవాళ్ళు. అయ్యాక మంచినీళ్ళు దూరం నుంచి పోసేవాళ్ళు. అమ్మ దోసిలి పట్టకుండా “పిల్ల తాగినంక నేను మా ఇంట్ల తాగుత” అని వచ్చేసేది.

రజాకార్ల రోజుల్లో ఊరు విడిచి పుట్టింటికి పోవాల్సి వచ్చింది. దారిలో అడిగేవాళ్ళు ఎక్కువ. అమ్మ ఉతకని బట్టలన్నీ గంపలో వేసుకుని, చెరువుకు పోతున్నదానిలా పట్టపగలు నడిచింది. బట్టల కింద మీ నాన్న. ఏడవకుండా నోట్లో బెల్లం ముక్క. బైబిల్లో తల్లి గంపలో దాచిన మోషే పేరు వాడికి ముందే పెట్టింది, గంప తర్వాత వచ్చింది. మీ సంఘ పెద్దగారికి ఈ సంగతి గుర్తు చెయ్యి. ఆయన గంపలో పడుకుని వచ్చినవాడే.

చుట్ట సంగతి కూడా రాయి. చర్చి వెనక వేపచెట్టు చాటున నిలబడి, రెండు దమ్ములు లాగి, జామాకు నమిలి లోపలికి వచ్చేది. పాటల్లో అందరికంటే పై స్థాయి ఆమెదే.

నేను వచ్చేసిన రోజు ఆమె వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. చర్చికి రాని మీ మామయ్యను రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నానని చెప్పడానికి ఇద్దరం వచ్చాం. అన్న గుమ్మంలో నిలబడి కేకలు వేశాడు, ఈ ఇంట్లో దాని పేరు ఎత్తొద్దన్నాడు. నేను అన్నను చూడలేదు, అమ్మనే చూస్తున్నాను. ఆమె తల ఎత్తలేదు. రాళ్ళు ఏరుతూనే ఉంది. ఇది మాత్రం రాయకు.

రూతమ్మ.



మాదాపూర్,
20 జూలై 1999.

అత్తమ్మకు వందనాలు.

నీకు ఆ వార్త అట్లా చెప్పినందుకు నా చేయి విరిచేసుకోవాలనిపించింది. నీ ఉత్తరం చదివి అమ్మ, నేను ఏడ్చాం. బాబాయి ఒకటే మాట, “నేను బావకు మంచిగ చెప్పిన, మంచిగ చెప్పిన” అని. మామయ్యను ఏమీ అనకు.

పోస్టుమ్యాన్ నీ కవరు డాడీ చేతికే ఇచ్చాడు. డాడీ వెనక అడ్రసు చూసి, విప్పకుండా టీవీ మీద పెట్టాడు. నేను చదివాక మళ్ళీ అక్కడే పెట్టాను. మర్నాడు చూస్తే మడత వేరేగా ఉంది. ఎవరు తీశారని నేను అడగలేదు. గంప సంగతి మాత్రం భోజనాల దగ్గర అందరి ముందూ చదివాను. మా తమ్ముడు కిరణ్ పాల్ అప్పటినుంచి డాడీకి రోజూ బెల్లం ముక్క ఇస్తున్నాడు.

మొత్తం రాసి పాస్టరుగారికి చూపించాను. ఆయన ఎర్ర పెన్నుతో చుట్ట కొట్టేశారు. “అమ్మా, ఇది పరిశుద్ధ కూడిక, జామాకు వరకు ఉంచుదాం,” అన్నారు. చుట్ట లేకుండా జామాకు ఎందుకు నమిలిందని జనం అడగరా అత్తమ్మా? అందుకే జామాకూ తీసేశాను. మంచినీళ్ళ సంగతి చదివి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, దాన్ని ముట్టుకోలేదు.

పూర్తి ప్రతి ఇందులో పెడుతున్నాను. చివరి పేరా ఇలా వచ్చింది: “ఆమెకు ఇద్దరు కుమారులు, సంఘ పెద్ద మోషేగారు, జోయెల్‌గారు. ఒక కుమార్తె ____________. ఇద్దరు కోడళ్ళు, మనవలు, మనవరాళ్ళు కలరు. వీరందరినీ ఆమె కన్నీటి ప్రార్థనలతో పెంచినది.”

ఇంకా చాలా రాయాలని ఉంది కానీ ఆఫీసు వ్యాను వీధి చివర హారన్ కొడుతోంది. తప్పులుంటే దిద్ది వెంటనే పంపు. కూడికకు నువ్వూ మామయ్యా రావాలి, అది వేరే చెప్పాలా?

కెజియా.



ప్రొద్దుటూరు,
27 జూలై 1999.

కెజియాకు,

నీ కాగితం తిప్పి పంపుతున్నాను. దిద్దడానికి ఏమీ లేదు, బాగానే రాశావు. మీరంతా కలిసి బాగానే రాశారు.

మీ నాన్న పేరుకు ముందు సంఘ పెద్ద అని ఉంది. జోయెల్‌కు గారు ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి గీత. పేరు రాయడానికి మీ ఇంట్లో ఇంకా ఎవరికీ చేయి రాలేదన్నమాట. కూతురు ఉందని ఒప్పుకున్నారు, అదే గొప్ప అనుకోవాలా? ఒద్దనుకుంటే ఆ మాట మొత్తం తీసేయాల్సింది. గీత గీసి పెట్టి, దాన్ని నాకే పంపి, తప్పులు దిద్దమంటావా? చర్చిలో అది చదివేటప్పుడు పాస్టరుగారు అక్కడ దగ్గుతారా, నీళ్ళు తాగుతారా?

నిన్ను అనడం లేదు. నీకు చెప్పి రాయించిన వాళ్ళను అంటున్నాను. నేను కూడికకు రాను. మీ మామయ్య టికెట్లు తీశాడు, వాపసు ఇచ్చేయమన్నాను.

ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. మా అమ్మ అన్నం ముందు ప్రార్థన చేసేది. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ చెప్పేది. పక్కింటి సత్తెమ్మ పేరు, పాలిచ్చే బర్రె పేరు కూడా విడిచేది కాదు. పేరు చెప్పకపోతే దేవుడికి ఎట్లా తెలుస్తదే అనేది. నేను వచ్చేశాక ఆ ప్రార్థనలో నా పేరు ఎప్పుడైనా వచ్చిందా? నువ్వు ఆ ఇంట్లో పుట్టి పెరిగావు, రోజూ విని ఉంటావు. నన్ను ఊరడించడానికి అబద్ధం రాయకు. ఇన్నేళ్ళలో నాకు కావలసింది ఇదొక్కటే.

రూతమ్మ.



మాదాపూర్,
4 ఆగస్టు 1999.

అత్తమ్మకు వందనాలు.

ఆ గీత ఎవరూ గీయించలేదు. నేనే గీశాను. దయచేసి చివరిదాకా చదువు.

మా ఆఫీసులో మొదటి రోజు నేర్పేది ఒకటే. టేపులో డాక్టరు చెప్పింది సరిగా తెలియకపోతే ఊహించి రాయకూడదు. అక్కడ గీత పెట్టి ముందుకు పోవాలి, తెలిసినవాళ్ళు వచ్చి నింపుతారు. ఊహించి రాస్తే రోగి ప్రాణం మీదికి వస్తుందని భయపెడతారు. నాకు అది ఎంత అలవాటైందంటే సరుకుల చీటీలో కూడా గీతలు పెడుతున్నానని అమ్మ తిడుతుంది. నీ పేరు దగ్గర నాకు తెలియలేదు. రూతు అని రాయాలా, రూతమ్మగారు అనాలా? మామయ్య పేరు పెట్టి ఆంజనేయులుగారి భార్య అని చర్చిలో చదవడం నీకు ఇష్టమేనా? ఇష్టం లేకుండా రాస్తే నొచ్చుకుంటావని, నీ పేరు నువ్వే రాసుకోవాలని ఖాళీ వదిలాను. ఆ సంగతి ఉత్తరంలో రాయకుండానే వ్యాను వచ్చిందని పరుగెత్తాను. మా ఆఫీసులో గీత అంటే అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన చోటు. మీ ఊళ్ళో దాన్ని చూస్తే కొట్టేసినట్టు ఉంటుందని నాకు తట్టలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఆ కాగితం డాడీకి చూపించాను. మొత్తం చదివి, గీత మీద వేలు పెట్టి, “ఇదెందుకు ఖాళీ ఉంచినవ్?” అన్నాడు. అత్తమ్మ పేరు ఎట్లా రాయాలో తెలియక అన్నాను. లేచి బయటికి వెళ్ళి, శుభ్రంగా ఉన్న స్కూటరునే మళ్ళీ తుడిచాడు.

ఇక నువ్వు అడిగింది. అబద్ధం రాయొద్దన్నావు కనుక నిజమే రాస్తున్నాను. నానమ్మ ప్రార్థనలో నీ పేరు నేను వినలేదు. రాయడానికి చేయి రావడం లేదు, కానీ నేను వినలేదు.

ఆ ప్రార్థన నాకు నోటికి వచ్చు. ముందు సంఘం, పాస్టరుగారు. తర్వాత డాడీ, బాబాయి, కోడళ్ళు, మేమందరం పెద్ద నుంచి చిన్నదాకా. సత్తెమ్మ మోకాళ్ళు. రాళ్ళు పేల్చే పనివాళ్ళ చేతులు, కళ్ళు. నేను ఉద్యోగంలో చేరాక, ఎక్కడో అమెరికాలో ఉన్న ఆ రోగులందరూ. అన్నం చల్లారిపోయేది, కిరణ్ పాల్ మధ్యలోనే ఆమేన్ అనేసి మొట్టికాయ తినేవాడు. అన్నీ అయ్యాక ఆఖరున వాన అడిగేది. ఎక్కడో తెలుసా? కల్యాణదుర్గంలో. “తండ్రీ, కల్యాణదుర్గంల వాన పడనియ్యి. చేను ఎండనియ్యకు.” రోజూ అదే. ఎండాకాలం, వానాకాలం, క్రిస్మస్ పండగ రోజు కూడా. ఆ ఊరు ఎక్కడుందో మాకు తెలియదు. రేడియోలో కరువు వార్తలు విని పట్టుకుందని అనుకునేవాళ్ళం. అడిగితే “తినుండ్రి, చల్లారుతది” అనేది. ఒకసారి మాదాపూర్‌లో కుండపోతగా కురిసి వంటింట్లోకి నీళ్ళొచ్చాయి. అందరం చీపుర్లతో తోస్తుంటే నానమ్మ మంచం మీద నుంచి పైకి చూసి, “ఈడ గాదు తండ్రీ! నేను జెప్పింది ఆడ!” అని కసురుకుంది. మేము నవ్వి నవ్వి నీళ్ళల్లోనే కూలబడ్డాం. డాడీ ఒక్కడే నవ్వలేదు. ఆ వాన మాట రాగానే అందరికంటే ముందు, గట్టిగా ఆమేన్ అనేది కూడా డాడీయే. పాపం, ఆకలికి ఆగలేక అనుకునేవాళ్ళం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు. నీ పేరు లేదని రాసి కాగితం ముగించబుద్ధి కాలేదు. ఆమె నోట రాలేదంటే మనసులో లేదని కాదు, అని చెప్పాలనుంది. కానీ అది నా ఊహ, ఊహించి రాయకూడదు. నీ పేరు నువ్వే రాసి పంపు అత్తమ్మా. నువ్వు పంపేదాకా ఆ చోటు ఎవరినీ ముట్టుకోనివ్వను.

నీ
కెజియా.



ప్రొద్దుటూరు,
12 ఆగస్టు 1999.

నా కోడలు కెజియాకు అత్తమ్మ ఆశీర్వాదాలు, ప్రభువు పేరట వందనాలు.

వందనాలు అని రాసి చాలా ఏళ్ళయింది. చేయి తిరగలేదు, రెండుసార్లు రాశాను.

నీ ఉత్తరం గేటు దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టాను. నా పేరు వినలేదన్న చోట కూడా నిలబడే ఉన్నాను. కల్యాణదుర్గం అన్న చోట మాత్రం అరుగు మీద కూర్చుండిపోయాను. పక్కింటి జయమ్మ పరుగెత్తుకొచ్చి నీళ్ళు ఇచ్చింది.

మేము మొదట్లో ఉన్నది ప్రొద్దుటూరు కాదు బిడ్డా. మీకు తెలియదు, చెప్పినవాళ్ళు లేరు. మీ మామయ్యది కల్యాణదుర్గం పక్కన పల్లె. పెళ్ళయ్యాక వెళ్ళింది అక్కడికే. వానాధారం చేను, వేరుశనగ వేశాం. మొదటి ఏడే వానల్లేవు. అప్పుడు అమ్మకు ఒక ఉత్తరం రాశాను. ఆమెకు చదువు రాదు, అన్నే చదివి వినిపించాలని తెలిసే రాశాను. ఏం రాయాలో తోచలేదు. క్షమించమని రాయడానికి పొగరు అడ్డం వచ్చింది, బాగున్నానని రాయడానికి బాగా లేను. “కల్యాణదుర్గంలో ఉన్నాం. ఇక్కడ వానల్లేవు, చేను ఎండిపోతోంది” అని రాసి డబ్బాలో వేశాను. జవాబు కోసం పోస్టుమ్యాన్ సైకిలు గంట వినపడినప్పుడల్లా బయటికి వచ్చేదాన్ని. రాలేదు. తల ఎత్తకుండా బియ్యం ఏరిన మనిషి జవాబు ఎందుకిస్తుందిలే అనుకుని, మళ్ళీ రాయలేదు. ఇన్నేళ్ళూ మా అమ్మ నన్ను మనసులో చంపేసుకుందనే అనుకున్నాను కెజియా. దేవుడి మీద కూడా అలిగాను.

నా పేరు ఎత్తొద్దని అన్న అన్నాడు. ఆ ఇంట్లోనే ఉండి, ఆ కొడుకు అన్నమే తినాలి. పేరు ఎత్తకుండా నన్ను ఎట్లా అడగాలో ఆమె చూసుకుంది.

మీ మామయ్యకు చదివి వినిపించాను. ఆ చేను అమ్ముకుని మేము ప్రొద్దుటూరు వచ్చి ఎన్నో ఏళ్ళయింది, ఆ సంగతి అప్పట్లో మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. “మనం వచ్చేసినాక ఆ చేను కొన్నోళ్ళకు రెండేండ్లు బాగా పండింది మే,” అన్నాడు. అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

అన్న ఆమేన్ ఆకలికి కాదు. నా ఉత్తరం చదివింది అతనే. మా అమ్మ ఎవరి చేను కోసం అడుగుతోందో ఆ ఇంట్లో తెలిసింది అతనొక్కడికే. నా పేరు వద్దన్న మనిషి, తెలిసీ రోజూ ఆమేన్ అన్నాడు. గట్టిగా అన్నాడని కూడా రాశావు. అతన్ని నేనేమీ అడగను, నువ్వూ అడగకు.

టికెట్లు వాపసు ఇవ్వలేదట, ఈయన నాకు ఆ సంగతీ చెప్పలేదు. ఇరవై ఎనిమిదో తారీఖు శనివారం పొద్దున ఇద్దరం దిగుతాం. కూడిక అయ్యాక భోజనాల దగ్గర అమ్మ ప్రార్థన నేను చేస్తాను. మీ ఇంటి పిల్లల పేర్లు నాకు వరుసగా రావు, పక్కన కూర్చుని అందించు. ఒక్కరిని కూడా విడవను, అన్నం చల్లారితే చల్లారనీ.

మా అమ్మ నన్ను ఏ రోజూ మరిచిపోలేదు. నేను ఊరు మారిన సంగతే ఆమెకు తెలియలేదు.

ఇట్లు,
మరియమ్మ కూతురు,
రూతు.